యానాంకు కావలసింది టవర్ కాదు, కౌన్సిల్

యానాం గురించి ఎవరు రాసినా ఒబిలిస్క్ టవర్ దగ్గరే మొదలుపెడతారు. గౌతమి ఒడ్డున వంద మీటర్ల ఎత్తున, పారిస్‌లోని ఈఫిల్ టవర్ పోలికతో కట్టిన కట్టడం అది. దాని ఫోటో ఒకటి పెట్టి, ఆంధ్రా నడుమ ఫ్రాన్స్ అని శీర్షిక తగిలించి, చవక మద్యం మీద ఒక చమత్కారం, శారదా చట్టం రోజుల బాల్యవివాహాల మీద ఒక పేరా చేరిస్తే వ్యాసం సిద్ధం. అందులో అబద్ధమేమీ ఉండదు. కానీ చదవడం ముగించాక ఆ ఊళ్ళో యాభై వేల పైచిలుకు మనుషులున్నారని, వాళ్ళకు ఇంటిపన్నూ మురుగుకాలువలూ వీధిదీపాలూ ఉంటాయని, వాటి సంగతి ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలని మాత్రం పాఠకుడికి తట్టదు.

మాది కాకినాడ. మేనమామ కుటుంబం చాలా ఏళ్ళ క్రితమే యానాంలో స్థిరపడింది. పెళ్ళిళ్ళకూ కర్మలకూ పండగలకూ వెళ్ళివస్తూ పెరిగాను కాబట్టి ఆ ఊరికి నేను సొంతవాణ్ణి కాను, పూర్తిగా పరాయివాణ్ణీ కాను. ఆ మాత్రం చనువుతో ఒక మాట అంటాను. యానాంను పక్కనున్న నీలపల్లి నుంచి, ఇంజరం నుంచి వేరుచేసింది ఫ్రెంచి భాష కాదు, ఫ్రెంచి మేడలు అంతకంటే కాదు. 1880 నుంచి ఆ ఊరికి సొంత మునిసిపాలిటీ ఉంది, దానికి ఊరివాళ్ళు మేయర్లయ్యారు. అదీ తేడా. ఈనాడు ఆ ఊరికున్న అతిపెద్ద కొరత కూడా సరిగ్గా అక్కడే ఉంది.

ముందు ఊరు ఎక్కడుందో చెప్పాలి. ధవళేశ్వరం దిగువన చీలిన గోదావరిలో తూర్పు పాయ గౌతమి. సముద్రం ఇక కొద్ది కిలోమీటర్ల దూరమే ఉందనగా గౌతమి ఎడమ ఒడ్డు నుంచి కోరంగి పాయ విడిపోతుంది. పురాణం చెప్పేవాళ్ళు దాన్ని ఆత్రేయ అంటారు. ఆ చీలిక దగ్గరే యానాం. అవతలి ఒడ్డున కోనసీమలోని ఎదుర్లంక. కాకినాడ నుంచి తాళ్ళరేవు, కోరంగి మీదుగా ముప్ఫై కిలోమీటర్లకు మించని ప్రయాణం. మొత్తం విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. పట్నంతో పాటు కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట, గిరియాంపేట, దరియాలతిప్ప లాంటి పేటలూ పల్లెలూ ఒకే మునిసిపాలిటీ కిందకు వస్తాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. ఆ ప్రాంతం మొత్తంలో ఐదు మునిసిపాలిటీలు, పది కొమ్యూన్ పంచాయతీలు ఉన్నాయి. ఆ పది పంచాయతీలూ పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతాలవే. యానాంకు, కేరళ తీరంలోని మాహేకు మునిసిపాలిటీ తప్ప మరో స్థానిక సంస్థ లేదు. అంటే యానాంలో పట్నవాసి అయినా, దరియాలతిప్ప మత్స్యకారుడైనా ఊరి వ్యవహారం మాట్లాడుకోవడానికి ఉన్న ఇల్లు అదొక్కటే.

ఆ ఇల్లు ఎంత అవసరమో తెలియాలంటే యానాం మనిషి రోజువారీ చిరునామా చూడాలి. బండి నెంబరు పీవై 04, అది పుదుచ్చేరిది. పిన్ కోడు 533464, చుట్టుపక్కల ఆంధ్రా పల్లెల వరసలోది. ల్యాండ్‌లైను కోడు 0884, కాకినాడది. హైకోర్టు చెన్నైలో. రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, మాట్లాడే భాష తమిళం. శాసనసభకు ఎన్నికయ్యే ముప్ఫై మందిలో యానాం తరఫున వెళ్ళేది ఒకే ఒక్కరు. ఇన్ని చోట్లకు చెందిన ఊరికి తన గడప ముందు తన మాట చెల్లే చోటు ఒకటి ఉండాలి కదా.

ఇక చరిత్ర. యూరపు కంపెనీలు ఈ పాయల మీదికి ఎగబడడానికి కారణం బట్ట. గోదావరి డెల్టా నేతగాళ్ళ గుడ్డ కోసం ఇంగ్లీషువాళ్ళు 1708లోనే ఇంజరంలో కొట్టు పెట్టారు. డచ్చివాళ్ళు ఇప్పటి కాకినాడలో భాగమైన జగన్నాథపురంలో కూర్చున్నారు. ఫ్రెంచివాళ్ళు 1723లో యానాం వచ్చి, లాభం లేదని 1727లో వెళ్ళిపోయి, 1731లో మళ్ళీ వచ్చారు. బొబ్బిలి యుద్ధం వల్ల తెలుగువాళ్ళకు పేరు తెలిసిన బుస్సీకి ఈ ఊరితో సంబంధం ఉంది, ఆయన పేరుతో వీధీ ఉంది. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళ చేతికి వచ్చాక ఓ ఐదేళ్ళపాటు యానాం పెద్ద రాజ్యపు రేవులా వెలిగి ఉండాలి. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధంలో ఓడిపోవడంతో ఆ వైభవం ముగిసింది. తర్వాత యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్ళు యానాంను లాక్కోవడం, సంధి జరిగినప్పుడల్లా తిరిగి ఇవ్వడం. చివరిసారి పట్టుకున్నది 1793లో. తిరిగి ఇచ్చేసరికి 1816 దాటింది. ఆ చివరి పట్టుకు ముందు కొన్నాళ్ళు ఇక్కడ అధికారిగా ఉన్న పియెర్ సొన్నెరా అసలు వృత్తి ప్రకృతిశాస్త్రం. పక్షుల్నీ మొక్కల్నీ వర్ణిస్తూ పేరు తెచ్చుకున్న మనిషిని తెచ్చి కొట్టు లెక్కలు చూడమన్నారు. పాపం అనిపిస్తుంది.

తిరిగి ఇచ్చారన్న మాటే గాని, ఇచ్చింది గుల్లనే. కోటలు కట్టకూడదు, సైన్యం పెట్టకూడదు. 1815 ఒప్పందంతో ఉప్పు మీద హక్కు కూడా ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, దానికి బదులు ఫ్రెంచి స్థావరాలన్నిటికీ కలిపి ఏటా నాలుగు లక్షల సిక్కా రూపాయలు ఇచ్చేవాళ్ళు. మిల్లు గుడ్డ వచ్చి చేనేత పడిపోయింది. 1839 నవంబరు తుపానులో కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది, యానాం దెబ్బతింది. పాయలో మేట వేసి ఓడలు కాకినాడకు తరలిపోయాయి. బట్ట అమ్మడం ఆగాక ఈ రేవు మనుషుల్ని పంపింది. అప్పట్లో బూర్బన్ అని పిలిచిన రీయూనియన్ ద్వీపానికి 1828లో వెళ్ళిన తొలి ఒప్పంద కూలీల్లో యానాంలో ఓడ ఎక్కిన తెలుగువాళ్ళు ఉన్నారు. చెరకు తోటల్లో పని. ఈనాటికీ ఆ ద్వీపంలో తెలుగు మూలాలు వెతుక్కునేవాళ్ళున్నారు. నన్నడిగితే ఒబిలిస్క్ కంటే ముందు ఆ రేవులో వాళ్ళకోసం ఒక రాయి పాతి ఉండాల్సింది.

వర్తకం లేదు, సైన్యం లేదు, రేవు పూడిపోయింది. అలాంటి ఊరికి ఫ్రెంచి రిపబ్లిక్ ఇచ్చిన వస్తువు మునిసిపాలిటీ.

1880 మార్చి 12న పారిస్ నుంచి ఒక డిక్రీ వెలువడింది. దాంతో ఫ్రెంచి ఇండియాలో పది కొమ్యూన్లు, అంటే మునిసిపాలిటీలు, ఏర్పడ్డాయి. పాండిచ్చేరి, కారైకాల్, చందర్‌నగోర్, మాహేలతో పాటు అయిదారు వేల జనాభా ఉన్న యానాం కూడా ఒకటైంది. ఎన్నికైన కౌన్సిల్, దానికి మేయరు. జనన మరణాలు, పెళ్ళిళ్ళ రిజిస్టర్లు ఆ కౌన్సిల్ గడపలోనే. సరిహద్దుకు ఇవతల పరిస్థితి వేరు. భీమునిపట్నం మునిసిపాలిటీ 1861 నాటిది, కాకినాడ, రాజమండ్రి 1866 నాటివి. వయసులో యానాం కంటే పెద్దవే. కానీ వాటిలో కలెక్టర్లూ ప్రభుత్వం నామినేట్ చేసిన పెద్దమనుషులూ కూర్చునేవారు. రిప్పన్ దొర స్థానిక స్వపరిపాలన తీర్మానం 1882లో గాని రాలేదు. ఆ తర్వాత కూడా ఓటు పన్ను కట్టే ఆసాములకే. యానాంలో ఓటుకు ఆస్తి అడగలేదు, వయోజనుడైన మగవాడైతే చాలన్నారు. నాకు ఇది చిన్న విషయంగా తోచదు. గోదావరి డెల్టాలో కూలివాడికి మొట్టమొదట ఓటు వచ్చిన చోటు రాజమండ్రి కాదు, కాకినాడ కాదు, ఈ చిన్న ఊరు.

అయితే దీన్ని స్వర్ణయుగం చేయడం నాకు ఇష్టం లేదు. ఓటర్లను జాబితాలుగా విడదీశారు. యూరోపియన్లది ఒకటి, భారతీయులది మరొకటి. తమ సంప్రదాయ చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ ఒప్పుకున్నవాళ్ళకు 1884లో మూడో జాబితా పెట్టారు. చేతివేళ్ళ మీద లెక్కపెట్టగల తెల్లవాళ్ళకు, వేలమంది తెలుగువాళ్ళకు విడివిడిగా సీట్లు. ఎన్నికలు ఎలా జరిగేవో చెప్పనక్కర్లేదు. ఫ్రెంచి ఇండియా ఎన్నికలు దొంగ ఓట్లకూ దొమ్మీలకూ పేరుమోసినవి. ఊళ్ళో నాలుగు కుటుంబాల పెద్దలు ముందే అనుకుంటే ఫలితం వచ్చేసేది. ఆడవాళ్ళకు ఓటు రెండో ప్రపంచయుద్ధం ముగిసే దాకా రాలేదు.

ఇన్ని లోపాలున్నా ఒకటి జరిగింది. తరం తర్వాత తరం, ఊరి పెత్తనం కోసం ఊరివాళ్ళే ఊరివాళ్ళను బతిమాలుకోవలసి వచ్చింది. దొంగ ఓటు వేయించుకునేవాడికి కూడా నలుగురి ఇళ్ళ ముందుకు వెళ్ళక తప్పదు. మేయరు పక్క వీధిలో ఉంటాడు. అతని పశువులు నీ చేలో పడతాయి, అతని కూతురి పెళ్ళికి నీకు పిలుపు వస్తుంది. అలాంటి మనిషిని అడగడం వేరు, మూడు రోజుల ప్రయాణం దూరాన ఉన్న గవర్నరుకు అర్జీ పెట్టడం వేరు. యానాం మనుషుల్లో ఇప్పటికీ కనిపించే ఒక నిటారుతనం, అధికారి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చునే చొరవ, నా ఊహలో అక్కడ పుట్టినవే. మా మావయ్య ఇలాంటివాడే. ఏ ఆఫీసుకు వెళ్ళినా ముందు కూర్చుంటాడు, ఆ తర్వాతే నమస్కారం.

సరిహద్దు వల్ల ఊరికి బతుకుతెరువు దొరికిన మాట నిజం. మంగళవారం సంతకు చుట్టుపక్కల నుంచి జనం వచ్చేవారు, దొంగసరుకు, విదేశీ సరుకు చవకగా దొరుకుతుందని. 1929లో బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం వచ్చి 1930 ఏప్రిల్ నుంచి అమలయ్యాక బ్రిటిష్ ఆంధ్రలోని కుటుంబాలు చిన్నపిల్లల్ని పడవలెక్కించి తెచ్చి యానాంలో తాళి కట్టించాయి. ఫ్రెంచి పాలన హిందువుల పెళ్ళి వ్యవహారాన్ని వాళ్ళ ఆచారానికి వదిలేసింది కాబట్టి అది ఇక్కడ నేరం కాదు. ఈ సంగతి చెప్పేటప్పుడు మనవాళ్ళు యానాంను వెక్కిరిస్తున్నట్టు చెబుతారు. సిగ్గుపడాల్సింది ఎవరు? పడవలెక్కి వచ్చింది మన కాకినాడ, రాజమండ్రి, అమలాపురం పెద్దలే. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టినప్పుడు యానాం బాట పట్టిందీ మనమే. మన చట్టాలను మనమే తప్పించుకుంటూ చెడ్డపేరు పక్కూరికి పెట్టడం మనకు కొత్త కాదు.

అన్నట్టు, ఆ ఊరు సాహిత్యానికి దూరమేమీ కాదు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి చిన్ననాటి రోజులు యానాంలో గడిచాయి. మీసాలున్న వేంకటేశ్వరుడి గుడి ఒక పక్క, జనం తెల్లవారి గుడి అని పిలిచే 1846 నాటి చర్చి మరో పక్క. మీసాల వెంకన్నకు మొక్కేవాళ్ళే ఆ వీధిలోంచి వెళుతూ చర్చి వైపు కూడా చెయ్యెత్తడం నేను చూశాను.

విలీనం కథలో కూడా మునిసిపాలిటీయే ముఖ్యపాత్ర. ఎందుకో ఈ ముక్క ఎవరూ నొక్కి చెప్పరు. చందర్‌నగోర్‌లో 1949లో ప్రజలందరి ఓటు తీసుకున్నారు. 7,473 మంది భారత్‌లో కలుద్దామన్నారు, 114 మంది వద్దన్నారు. ఆ ఊరు తర్వాత పశ్చిమ బెంగాల్లో కలిసిపోయింది. మిగిలిన నాలుగు స్థావరాల్లో ప్రజల ఓటు జరగలేదు. యానాంలో 1954 జూన్ 13న దడాల రాఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు ఊరిని స్వాధీనం చేసుకుని మువ్వన్నెల జెండా ఎగరేశారు. దడాల ఫరంపేటవాడు, పాండిచ్చేరిలో పోలీసు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి ఫ్రెంచి పాలన మీదే తిరగబడ్డ మనిషి. తర్వాత అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గర కీళూరులో ఓటింగు జరిగింది. ఓటేసింది 178 మంది, వాళ్ళలో 170 మంది విలీనానికి అనుకూలం. ఎవరీ 178 మంది? ప్రతినిధుల సభ సభ్యులు, మునిసిపల్ కౌన్సిలర్లు. నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. 1956 మే 28న ఒప్పందం, దానికి ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదం దొరికి చట్టబద్ధంగా అమలయ్యేసరికి 1962 ఆగస్టు 16.

అంటే యానాం భారతదేశంలో భాగమైందన్న ప్రజాస్వామిక దస్తావేజు మీద ఉన్న సంతకాల్లో ఎక్కువ భాగం మునిసిపల్ కౌన్సిలర్లవే. దేశాన్ని ఎంచుకునే యోగ్యత ఆనాడు ఉన్న కౌన్సిలర్లకు, మురుగుకాలువ ఎక్కడ తవ్వాలో ఎంచుకునే యోగ్యత ఈనాడు లేకుండా పోయింది.

అదెలా జరిగిందో చూడండి. విలీనం తర్వాత కూడా 1880 డిక్రీయే కొనసాగింది. దాని కిందే 1968లో స్థానిక ఎన్నికలు జరిగాయి. ఫ్రెంచివాళ్ళు పోయి పద్నాలుగేళ్ళయ్యాక ఫ్రెంచి చట్టం ప్రకారం ఓట్లు! 1973లో పాండిచ్చేరి మునిసిపాలిటీల చట్టం చేశారు, 1974 నుంచి అమలన్నారు. కొత్త చట్టం వచ్చింది గాని కొత్త ఎన్నిక రాలేదు. 1992లో రాజ్యాంగానికి 74వ సవరణ జరిగింది. మునిసిపాలిటీలకు ఐదేళ్ళకోసారి ఎన్నికలు జరపాలని, అది కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తిస్తుందని రాజ్యాంగంలోనే రాసుకున్నాం. అయినా పుదుచ్చేరిలో తర్వాతి స్థానిక ఎన్నికలు 2006లో గాని జరగలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. 2006లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2011లో తీరిపోయింది. మళ్ళీ చీకటి. సుప్రీంకోర్టు ఎన్నికలు జరపమన్నది. 2021లో షెడ్యూలు ప్రకటించారు, వార్డుల రిజర్వేషన్ల మీద వివాదం మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది, షెడ్యూలు మారింది, ఆఖరికి ఆగిపోయింది.

మా మావయ్య 1968లో ఓటు వేశాడు. అప్పటికి ఇరవై మూడేళ్ళవాడు. మళ్ళీ మునిసిపల్ ఓటు వేసింది 2006లో, అరవై దాటాక. ఈ మధ్యలో అసెంబ్లీకి, పార్లమెంటుకు లెక్కలేనన్ని ఓట్లు వేశాడు. తన వీధికి మాత్రం ఆ రెండే.

దీనికి యానాంలోనే చాలామంది ఒక జవాబు చెబుతారు. ఎమ్మెల్యే ఉన్నాడు కదా, పనులు అవుతూనే ఉన్నాయి కదా అని. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి యానాంకు నిధులు తలసరిన చూస్తే చుట్టుపక్కల ఆంధ్రా మునిసిపాలిటీల కంటే మెరుగే అనిపిస్తుంది. రోడ్లు బాగుంటాయి. గోదావరి ఒడ్డు అందంగా తయారైంది. భారతమాత విగ్రహం, ఏనుగులు నీళ్ళు పోస్తున్న శివలింగం, చేతులు చాచిన క్రీస్తు, ఆ టవర్. మాది కాకినాడ, మాకు సముద్రమే ఉన్నా ఒడ్డును అంత శ్రద్ధగా చూసుకున్నది లేదు. ఒప్పుకుంటాను.

కానీ ఎవరు నిర్ణయించారు? ఒడ్డున విగ్రహం కావాలా, దిగువ పేటలకు ముంపు తప్పించే గట్టు ముందు కావాలా అన్న ప్రశ్నను బల్లమీద పెట్టి వాదించుకున్న సభ ఏది? ఒక్క ఎమ్మెల్యే, ఒక అడ్మినిస్ట్రేటరు, ఒక కమిషనరు కలిసి ఊరి మంచిచెడ్డలు తేలుస్తున్నారు. వాళ్ళు సమర్థులే కావచ్చు. సమర్థుడైన ఎమ్మెల్యే దగ్గర పనుంటే అతని అనుచరుల గుమ్మం తొక్కాలి. అవతలి వర్గానికి ఓటేసిన వీధివాడు ఎక్కడికి పోవాలి? కౌన్సిల్లో ప్రతిపక్షం ఉంటుంది. వ్యక్తి దర్బారులో ప్రతిపక్షం ఉండదు.

పైగా ఇది గోదావరి ఒడ్డు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది, యానాం మునిగింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఈ తీరాన్నే తాకి డెల్టాలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. 2022 జూలైలో ధవళేశ్వరం వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, యానాం వీధుల్లో మళ్ళీ పడవలు తిరిగాయి. ఎగువన బ్యారేజీ తలుపులు ఎత్తేది ఆంధ్రప్రదేశ్, దిగువన ముంపు భరించేది పుదుచ్చేరి ప్రాంతం. గట్టు ఒకచోట మన రాష్ట్రానిది, నాలుగు అడుగులు వేస్తే వాళ్ళది. వరద ఈ సరిహద్దు గీతల్ని లెక్కచేయదు. ఇలాంటి చోట ఏ పేటలో ఎన్ని ఇళ్ళు పల్లంలో ఉన్నాయో, ఏ ముసలమ్మను ముందు ఎత్తుకు రావాలో తెలిసినవాడు వార్డు సభ్యుడే. సచివాలయం ఉన్నది సముద్రతీరం వెంట ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల.

2012 సంగతి కూడా చెప్పాలి. ఆ జనవరి 27న యానాంలోని పెద్ద సిరామిక్ ఫ్యాక్టరీలో కార్మిక వివాదం పేలిపోయింది. కార్మిక నాయకుడు చనిపోయాడు, ఆపై జరిగిన దాడిలో కంపెనీ ఉన్నతాధికారి హతమయ్యాడు, ఫ్యాక్టరీకి నిప్పు పెట్టారు. తర్వాత అది మూతపడి వేలమంది బతుకులు రోడ్డున పడ్డాయి. మునిసిపల్ పాలకవర్గం గడువు తీరి అప్పటికి కొన్ని నెలలే. కౌన్సిల్ ఉండి ఉంటే అది ఆగేదని నేననను, అంత అమాయకుణ్ణి కాను. కానీ కోపం అంతగా రాజుకుంటున్న వారాల్లో కార్మికుల వాడల నుంచి ఎన్నికైన మనిషి ఒక్కడూ అధికారికంగా మాట్లాడగల స్థానంలో లేడు. ఉన్నది పోలీసులు, యాజమాన్యం, యూనియన్.

ఇంకో జవాబు ఆంధ్రా వైపు నుంచి వస్తుంది. ఈ గొడవంతా ఎందుకు, యానాంను ఆంధ్రప్రదేశ్‌లో కలిపేస్తే పోలా అని. తెలుగు ఊరు తెలుగు రాష్ట్రంలో ఉండాలన్న వాదనలో పస ఉంది. కానీ 1956 ఒప్పందం రెండో అధికరణం స్పష్టంగానే ఉంది. ఈ స్థావరాల ప్రత్యేక పాలనా ప్రతిపత్తిలో మార్పు చేయాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి. 1979లో కేంద్రం విలీనం మాట ఎత్తితే పాండిచ్చేరిలో అల్లర్లయ్యాయి. అదంతా పక్కన పెట్టినా, కాకినాడవాడిగా నాకు ఈ సలహా ఇచ్చే మొహం లేదు. మా కార్పొరేషన్‌కు 2017లో ఎన్నికలు జరిగాయి, 2022లో పాలకవర్గం గడువు ముగిసింది, వెంటనే ఎన్నిక లేదు, ప్రత్యేకాధికారి వచ్చి కూర్చున్నారు. యానాంకు మనం నేర్పేది ఏముంది? ఒకప్పుడు మనకంటే ముందున్నవాళ్ళు వెనకబడితే, వాళ్ళ వెనకే మనమూ నడుస్తున్నాం.

ఊరు చిన్నది, ఈ మాత్రం దానికి కౌన్సిలెందుకు అనేవాళ్ళూ ఉన్నారు. విలీనం నాటికి యానాం జనాభా సుమారు ఆరు వేలు. అప్పుడు మేయరు ఉన్నాడు. ఇప్పుడు అంతకు తొమ్మిది రెట్లు. 2002లో బాలయోగి వారధి తెరవక ముందు ఎదుర్లంక వెళ్ళాలంటే ఏరు దాటించే పంటు కోసం ఒడ్డున కాచుకుని ఉండాల్సిందే. ఇప్పుడు జాతీయ రహదారి ఊరి మధ్య నుంచి పోతుంది. లారీలు, టూరిస్టు బస్సులు, కోనసీమ నుంచి కాకినాడ ఆసుపత్రులకు వెళ్ళే అంబులెన్సులు. ఊరు పెద్దదైనకొద్దీ ఊరి మాటకు చోటు తగ్గింది.

ఓటరు బద్ధకస్తుడన్న సాకు యానాం విషయంలో ఎవరూ చెప్పలేరు. 2021 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ పోలింగ్ తొంభై శాతం దాటింది. ముఖ్యమంత్రి అభ్యర్థి ఎన్. రంగసామి రెండు చోట్ల నిలబడ్డారు, అందులో యానాం ఒకటి. పుదుచ్చేరిలోని తట్టాంచావడిలో గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. యానాం మాత్రం ఆయన్ను ఆరు వందల పైచిలుకు ఓట్లతో ఓడించి, ఒక స్వతంత్ర యువకుణ్ణి గెలిపించింది. కాబోయే ముఖ్యమంత్రి వచ్చి గడప తొక్కినా, మా ఊరి లెక్క మాకుంది అని చెప్పిన ఓటరు అతను. ఆ ఓటరుకు తన వార్డు సభ్యుణ్ణి ఎన్నుకునే అవకాశం ఇవ్వడానికి ఇప్పుడు అడ్డంకిగా చెబుతున్నది వెనకబడిన వర్గాల రిజర్వేషన్ లెక్క. ఆ వర్గాలకు వాటా దక్కాల్సిందే, నాకు అందులో రెండో మాట లేదు. అయితే లెక్క తేలే దాకా ఎన్నిక వద్దన్నప్పుడు నష్టపోయేదీ ఆ వర్గాలే. అధికారి గదిలో వాళ్ళ సీటు ఎక్కడుంది? ముప్ఫై చదరపు కిలోమీటర్లు, కొద్ది వేల ఇళ్ళు. చేయాలన్న ఉద్దేశం ఉంటే ఇంటింటికీ తిరిగి ఆ లెక్క తీయడానికి ఎన్ని నెలలు పడుతుంది?